జీతమా, రాతా?

ముందే ఒక మాట చెప్పేస్తా. నేనేం తెలుగు పండితుణ్ణి కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ కూడా సంస్కృతమే తీసుకున్నా, అందరిలాగే, మార్కుల కోసం. తెలుగులో కథ రాయడం అనేది ఈ కాలేజీకి వచ్చాక, ఈ క్లబ్ వల్ల మొదలైంది. కాబట్టి ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి.

ఈ వ్యాసానికి కారణం నా లాప్‌టాప్‌లో ఉన్న ఒక ఎక్సెల్ షీట్. అందులో మూడు లైన్లు ఉంటాయి.

రాసిన స్క్రిప్టులు: 41.
వచ్చిన డబ్బు: 12,300 రూపాయలు.
రాసిన కథలు: 0.

ఇవి మూడు నెలల లెక్కలు. ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్తా. తర్వాత ఆ సున్నా గురించి ఆలోచిస్తూ నేను చదివినవీ, తెలుసుకున్నవీ చెప్తా. వచ్చే ఏడాది ఈపాటికి మనందరం ఫార్మల్ షర్టులు వేసుకుని ప్లేస్‌మెంట్ సెల్ బయట నిలబడి ఉంటాం. అప్పుడు ఇది ఆలోచించే టైమ్ ఉండదు.

మూడు వందలకి ఒక స్క్రిప్ట్

సెకండ్ ఇయర్ మొదట్లో ఒక యూట్యూబ్ ఛానెల్‌కి స్క్రిప్టులు రాసే పని దొరికింది. ఆరు నిమిషాల వీడియోకి 300. తెలుగులో రాస్తే డబ్బులిస్తారా అని నాకు నమ్మకం కలగలేదు. మొదటి 300 ఫోన్‌పేలో పడ్డప్పుడు స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి పంపా.

రెండో వారానికి ఫార్ములా అర్థమైంది. మొదటి పదిహేను సెకన్లలో ఒక ప్రశ్న. జవాబు చివరి నిమిషం దాకా చెప్పకూడదు. మధ్యలో రెండు సార్లు "అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది" అనాలి. కష్టమేం కాదు, మెస్‌లో టిఫిన్ క్యూలో నిలబడి కూడా ఫోన్లో రాసేవాణ్ణి.

సమస్య వేరే చోట బయటపడింది. ఒక ఆదివారం నా కథ ఒకటి మొదలుపెడదామని కూర్చున్నా. మొదటి వాక్యం "మీకు తెలుసా..." అని వచ్చింది. కొట్టేశా. రెండోది కూడా అదే గొంతుతో వచ్చింది. రూమ్మేట్ చదివి, "కింద సబ్‌స్క్రైబ్ బటన్ పెట్టరా, సరిపోతుంది" అన్నాడు. నవ్వాను గానీ, ఆ రాత్రి ఇంకేం రాయలేకపోయా.

ఆ తర్వాత ఒక టాపిక్ వచ్చింది. ఫలానా ఆకు రసం తాగితే షుగర్ పూర్తిగా పోతుంది అని రాయాలి. అది నిజం కాదని నాకు తెలుసు. రాశా. నలభై నిమిషాల్లో అయిపోయింది.

దసరాకి ఇంటికెళ్తే నానమ్మ గ్లాసులో పచ్చగా ఏదో తాగుతోంది. "ఫోన్లో చెప్పాడురా, షుగర్‌కి మంచిదట" అంది. అది నేను రాసిన వీడియో కాదు, ఇంకేదో ఛానెల్. కానీ తను తిరిగి చెప్తున్న మాటలు మాత్రం అచ్చం నేను రాసినట్టే ఉన్నాయి. మాత్రలు మానలేదని అమ్మ చెప్పింది కాబట్టి సరిపోయింది. తిరిగొచ్చాక ఆ పని మానేశా. ఆ ఛానెల్ వాళ్ళకి నా బదులు మనిషి రెండు రోజుల్లో దొరికే ఉంటాడు.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న. రాయడం ఇష్టమైనవాడు రాతతోనే బతకాలా? లేక వేరే పని చేసుకుంటూ రాసుకోవాలా? మన బ్యాచ్‌లో దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. "ప్యాషన్‌ని ఫాలో అవ్వు" అనేది ఒకటి. "ముందు సెటిల్ అవ్వు, తర్వాత చూసుకోవచ్చు" అనేది రెండోది. మొదటిది రీల్స్‌లో చెప్తారు, రెండోది ఇంట్లో చెప్తారు. రెండింటిలోనూ రేపు ఉదయం ఏం చెయ్యాలో లేదు. అందుకే మన ముందువాళ్ళు అసలు ఎలా బతికారో చూద్దామనుకున్నా. తెలుగులో నాకు నాలుగు దారులు కనిపించాయి.

ఒకటి: వేరే పని

రాచకొండ విశ్వనాథశాస్త్రి, అంటే రావిశాస్త్రి గారు, విశాఖపట్నంలో లాయరు. ఆయన కథలు చదివితే కోర్టు వాసన వస్తుంది. మద్య నిషేధం రోజుల్లో సారా కేసుల్లో ఇరుక్కున్న పేదవాళ్ళు, పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు. ఆరు సారా కథలు అనే పుస్తకం పేరులోనే ఆ లోకం ఉంది.

ఇక్కడ నేను గమనించింది ఏంటంటే, ఆయన ఉద్యోగం ఆయన రాతకి డబ్బొక్కటే ఇవ్వలేదు. మనుషుల్ని ఇచ్చింది. పొద్దున కోర్టులో విన్న భాష కథలోకి వచ్చింది. ఇల్లు గడవడానికి కథలు అమ్ముడుపోవాల్సిన పని లేదు కాబట్టి, ఆ కథల్లో ఎవర్నీ మెప్పించాల్సిన అవసరమూ లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పని మనుషుల్ని ఇవ్వాలంటే మనం కళ్ళు తెరిచి ఉండాలి. అదే కోర్టులో ఎంతోమంది లాయర్లు తిరిగారు, అందరూ రావిశాస్త్రి కాలేదు.

రెండు: అదే కలం, సంతకం లేకుండా

కొడవటిగంటి కుటుంబరావు గారు మా ఊరాయన. తెనాలిలో పుట్టారు, 1909లో. మా ఊరివాడని నాకు ఈ క్లబ్‌లో చేరేదాకా తెలియదు, అది వేరే సిగ్గు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆయన చందమామలో పనిచేశారు. ఇరవై ఎనిమిదేళ్ళు. మన అమ్మానాన్నలు చదివిన బేతాళ కథల్లో చాలా వాటి వెనక ఉన్న చెయ్యి ఆయనదే. కథ కింద పేరు మాత్రం ఉండేది కాదు.

ఒక పక్క రాజులు, రాక్షసులు, శవంలోని బేతాళుడు. ఇంకో పక్క తన పేరుతో మధ్యతరగతి ఇళ్ళ గురించి కథలు, చదువు లాంటి నవల, సైన్సు మీద, సినిమా మీద, చరిత్ర మీద వ్యాసాలు. పొద్దున బేతాళుడు, సాయంత్రం భౌతికవాదం అన్నమాట.

నా స్క్రిప్టుల పనికీ దీనికీ తేడా ఏంటి? రెండూ ఆర్డర్ మీద రాసినవే, రెండింటి కిందా పేరు లేదు. చాలా రోజులు ఆలోచించా. నాకు తోచింది ఇది. చందమామ పని ఆయన్ని వాక్యం శుభ్రంగా రాయమని అడిగింది. పిల్లాడికి అర్థం కావాలి, ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు. ఆ అలవాటు సొంత రచనకీ పనికొచ్చేదే. నా పని నన్ను వాక్యం పాడు చెయ్యమని అడిగింది. కాబట్టి ఆర్డర్ మీద రాయడం తప్పు కాదు. ఆ ఆర్డర్ మన చేతికి ఏం నేర్పుతోందో చూసుకోవాలి.

మూడు: అదే కలం, మార్కెట్లో

శ్రీశ్రీ గారి మహాప్రస్థానం కవితల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి. పుస్తకంగా వచ్చింది 1950లో. అదే ఏడాది ఆహుతి అనే డబ్బింగ్ సినిమాకి ఆయన పాటలు రాశారు.

డబ్బింగ్ పాట అంటే ఏంటో ఒకసారి ఊహించండి. ట్యూన్ ముందే ఉంది. తెర మీద మనిషి వేరే భాషలో పెదాలు కదిపేశాడు. ప, బ, మ లాంటి అక్షరాలకి పెదాలు మూసుకుంటాయి కదా, అక్కడ మన మాటలో కూడా అలాంటి అక్షరమే పడాలి. పైగా అర్థం ఉండాలి. ఒక రకంగా ఇది మన కాన్‌స్ట్రెయింట్ సాటిస్‌ఫాక్షన్ ప్రాబ్లమే. ఒక తరాన్ని కదిలించిన కవి ఆ పని చేశారు, ఎందుకంటే ఇల్లు గడవాలి. అంతకుముందు పత్రికలో సబ్ ఎడిటర్‌గా, రేడియోలో కూడా చేశారు.

అందువల్ల ఆయన అమ్ముడుపోయారా? అలా అనేవాళ్ళు ఉన్నారు. కానీ అల్లూరి సీతారామరాజు సినిమా (1974) పాటకి జాతీయ అవార్డు వచ్చింది ఆయనకే. ఆ పాటలో ఉన్నది కవితల్లోని శ్రీశ్రీయే అని వింటే ఎవరికైనా తెలుస్తుంది. అయితే అన్ని సినిమా పాటలూ అలాంటివి కావు. మార్కెట్లో కూర్చున్నవాడికి అలాంటి అవకాశం ఎప్పుడో వస్తుంది. మిగతా రోజులు ట్యూన్‌కి మాట అతికించడమే. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు ఆ మిగతా రోజులకి సిద్ధపడి వెళ్ళాలని నాకు అర్థమైంది.

నాలుగు: ఉన్నదంతా పెట్టేయడం

అలిశెట్టి ప్రభాకర్ పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కానీ ఆయన చిన్న కవితలు ఎవరో ఒకరి వాట్సాప్ స్టేటస్‌లో చూసే ఉంటారు. జగిత్యాలకి చెందినవారు. కవి, చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. జగిత్యాలలో, కరీంనగర్‌లో, తర్వాత హైదరాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపారు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో సిటీ లైఫ్ పేరుతో నాలుగైదు లైన్ల కవితలు రాశారు. 1993 జనవరి 12న, తన పుట్టినరోజు నాడే, క్షయతో చనిపోయారు. నలభై ఏళ్ళు నిండలేదు.

ఈ కథని ఎవరైనా చెప్తున్నప్పుడు గొంతులో ఒక రకమైన గర్వం వినిపిస్తుంది, పేదరికమే కవిత్వానికి సర్టిఫికెట్ అన్నట్టు. నాకు అది నచ్చదు. ఆయనకి చేతిలో పని ఉంది, స్టూడియో ఉంది. అయినా చాల్లేదు. క్షయకి అప్పటికే మందులున్నాయి. ఆయన ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉండి ఉంటే ఎన్ని కవితలు రాసేవారో అని లెక్కేస్తే, ఆ పేదరికం మనకి ఏమీ ఇవ్వలేదని, మన దగ్గర్నుంచి తీసుకెళ్ళిందని తెలుస్తుంది. తప్పు ఆయన ఎంచుకున్న దారిది అని నేననను. ఆ కవితల్ని ఇష్టపడ్డవాళ్ళు వాటికి ఏం ఇచ్చారు అనేది ప్రశ్న. మనం ఈరోజు ఇష్టపడేవాళ్ళకి ఏం ఇస్తున్నాం అనేది కూడా.

ఇది సాహిత్యం గొడవ మాత్రమే అనుకోకండి. మన బ్రాంచ్‌లో కూడా ఉంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే బగ్ బయటపడింది, నెట్‌వర్క్ సెక్యూరిటీ క్లాసులో విన్నాం కదా. అది ఉన్నది ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో. ప్రపంచంలో బోలెడన్ని వెబ్‌సైట్ల తాళం అదే. దాన్ని చూసుకునేవాళ్ళలో పూర్తి సమయం పనిచేసేది ఒక్కరే అనీ, ఆ సంస్థకి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లేననీ అప్పుడు తెలిసింది. దాన్ని ఉచితంగా వాడుకుంటున్న పెద్ద కంపెనీలు ఆ తర్వాతే డబ్బు పెట్టాయి. ఇష్టంతో చేసే పనికి ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకోవాలి. ఎవరూ పెట్టకపోతే చేసేవాడి ఒళ్ళే ఆ ఖర్చు.

నేను రాసుకున్న మూడు ప్రశ్నలు

ఈ నలుగురినీ పక్కపక్కన పెట్టాక నా ప్రశ్న మారింది. "జీతమా, రాతా?" అని అడగడం మానేశా. "ఈ జీతం నాకు ఏం మిగులుస్తుంది?" అని అడగడం మొదలుపెట్టా. అందులో మూడున్నాయి.

మొదటిది టైమ్. వారానికి ఎన్ని గంటలు అని కాదు, ముక్కలు కాని గంటలు ఎన్ని అని. పదేసి నిమిషాల ముక్కలు పన్నెండు కలిపితే రెండు గంటలవుతాయి గానీ వాటితో కథ అవ్వదు. ఇంటర్వ్యూలో చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటారు కదా, షిఫ్టులు ఎలా ఉంటాయి, వీకెండ్ కాల్స్ ఉంటాయా, బాండ్ ఉందా అని అడగండి. సీనియర్లకి ఫోన్ చేసి అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది.

రెండోది తల. పని అయ్యాక తలలో ఏం మిగులుతుంది? నాకు కోడ్ రాస్తే కళ్ళు అలిసిపోతాయి, మాటలు అలిసిపోవు. స్క్రిప్టులు రాస్తే మాటలే అయిపోయేవి. అందుకే నా వరకు రాతకి దూరంగా ఉన్న పనే మంచిది. మీకు ఉల్టా కావచ్చు. మా క్లబ్‌లోనే ఒకమ్మాయి అనువాదాలు చేస్తుంది, పని చేసినకొద్దీ తన సొంత కవిత పదునెక్కుతుందంటుంది. అది కూడా నిజమే. రెండు నెలలు చేసి చూస్తే తప్ప తెలియదు.

మూడోది నోరు. ఆ పనిలో నేను కాదు అనగలనా? ఆకు రసం స్క్రిప్ట్ వచ్చినప్పుడు నేను కాదనలేకపోయా. 300 అంత పెద్ద మొత్తం ఏం కాదు. కానీ నెలాఖరు. కాదు అనడానికి ధైర్యం కంటే ముందు నెలాఖరులో అకౌంట్లో కాస్త డబ్బు ఉండాలని అప్పుడు తెలిసింది. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది నేను దాచబోయే డబ్బుకి అందుకే ఒక పేరు పెట్టుకున్నా: "కాదు డబ్బు". బైక్ కోసమో, గోవా కోసమో కాదు. ఆరు నెలలు పని లేకపోయినా తిండికి సరిపడా ఉంటే, తప్పు పనికి కాదు అనొచ్చు.

వీటిలో ఏ ఉద్యోగమూ మూడింటికి మూడు ఇవ్వదు. నాకున్న ఎడ్యుకేషన్ లోన్ నాలుగు లక్షలు. అది తీరేదాకా మూడింట్లో ఒకటి దొరికినా తీసుకుంటా. కానీ మిగతా రెండూ పోతున్నాయని తెలిసి తీసుకుంటా.

నాన్న బోర్డు

చివరిగా ఇంటి సంగతి. మా నాన్న సైన్ బోర్డు ఆర్టిస్టు. షాపుల బోర్డులు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, పెళ్ళి కార్ల వెనక అద్దం మీద పేర్లు. సుద్ద రాసిన దారం గోడకి లాగి కొడితే తిన్నటి గీత పడేది, దాని మీద ఎనామిల్ పెయింటుతో అక్షరాలు. మూలన చిన్నగా తన సంతకం. నేను పుట్టే టైమ్‌కి ఫ్లెక్సీలు వచ్చాయి. ఆర్టిస్టు రోజంతా రాసే బోర్డుని మిషన్ కాసేపట్లో బయటికి తోసేది, అదీ చవగ్గా. నాన్న రెండేళ్ళు ఇళ్ళకి సున్నాలు వేశాడు. ఆ రెండేళ్ళూ కుంచెలు అటక మీదే ఉన్నాయట. తర్వాత కోరల్ డ్రా నేర్చుకుని ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్‌లో చేరాడు, ఇప్పుడు సొంత షాపు. చేత్తో అక్షరం రాసిన మనిషి ఇప్పుడు అను ఫాంట్స్‌లో అక్షరం ఏరుకుంటాడు. నా ఇంగ్లీష్ మీడియం ఫీజులన్నీ ఆ ఫ్లెక్సీలే కట్టాయి.

కానీ ప్రతి వినాయక చవితికీ మా వీధి పందిరి బోర్డు మాత్రం నాన్న చేత్తోనే రాస్తాడు. రెండు రోజులు పడుతుంది. కమిటీ వాళ్ళు డబ్బు ఇవ్వబోతే తీసుకోడు. మొన్న అడిగా, "పెయింటు డబ్బులైనా తీసుకోవచ్చు కదా నాన్నా" అని.

"తీసుకుంటే వాళ్ళు చెప్పిన రంగు వెయ్యాలిరా" అన్నాడు.

నాకు ఆ మాట బాగా నచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. ఏడాదికి రెండు రోజులు. "అది సరిపోతుందా నీకు?" అని అడిగేశా. కాసేపు కుంచె తుడుచుకుంటూ ఉండి, "నాకు సరిపెట్టుకున్నా. నీకు ఎన్ని రోజులు కావాలో ఇప్పుడే లెక్కేసుకో. తర్వాత ఎవరూ అడగరు" అన్నాడు.

ఇంకొకటి కూడా ఆ లెక్కలో రాయాలి. నాన్న బోర్డు రాసే ఆ రెండు రోజులూ షాపు అమ్మ చూసుకుంటుంది, వంట కూడా అమ్మదే. అమ్మకి అలాంటి రెండు రోజులు ఎవరూ ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. నేను ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు నీకేం చెయ్యాలని ఉండేది అని అడిగా. "ఇప్పుడెందుకురా" అంది. మళ్ళీ అడుగుతా.

ప్రస్తుతానికి నా లెక్క ఇది. వారానికి మూడు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. హాస్టల్లో గీజర్ దగ్గర క్యూ మొదలయ్యేలోపు. ఆ టైమ్‌లో లీట్‌కోడ్ లేదు, ఫోన్ లేదు. సాయంత్రాలు ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్‌వి, దానికి ఏడవను. ఎక్సెల్ షీట్‌లో మూడో లైన్ ఇప్పుడు 2. అందులో ఒకటి బాగోలేదు. రెండోది వచ్చే సంచికకి ఇస్తున్నా, చదివి తిట్టండి.

మీ షీట్ కూడా ఒకటి తెరవండి. పాట, బొమ్మ, షార్ట్ ఫిల్మ్, ఏదైనా సరే. ముందు మూడో లైన్ నింపండి.